సీటీసీలో ‘కొత్త’ హార్డ్‌డిస్కు కొనేవారికి హెచ్చరిక: డిస్కు స్మార్ట్ లెక్కల్లో సున్నా గంటలు చూసి మోసపోకండి

ఇంట్లోని నాస్‌లో (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్ళు దాచుకునే డిస్కుల పెట్టె) ఒక డిస్కు పోయి, రైడ్ (డిస్కులను జతకట్టి వాడే పద్ధతి) డీగ్రేడెడ్, అంటే రక్షణ తగ్గినది, అయిందన్న కంగారులో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి పరుగెత్తే వారి కోసం ఇది రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తున్నందున దుకాణం పేరు రాయడం లేదు. అయినా డిస్కుల కోసం సీటీసీ మెట్లెక్కే అలవాటున్నవారికి, ‘పెద్ద పెద్ద కంపెనీలోళ్ళే మా దగ్గర తీస్కపోతరు సార్’ అని మాట మొదలుపెట్టే ఆ పెద్దమనిషి ఎవరో నేను చెప్పనక్కరలేదు.

నాది నాలుగు బేల (డిస్కు అరల) పెట్టె. నాలుగు టెరాబైట్ల డిస్కులు నాలుగు, రైడ్ 5. మూడో బేలోని డిస్కు చచ్చిపోయి పెట్టె కీచుమని అరవడం మొదలుపెట్టింది. రైడ్ 5లో ఒక డిస్కు పోయినంత మాత్రాన సమాచారం పోదు; మిగిలిన మూడింటిలోని సమాచారం, పారిటీ అనే అదనపు లెక్కల ఆధారంగా పోయిన భాగాన్ని అప్పటికప్పుడు లెక్కగట్టి అందిస్తుంది. అయితే ఆ క్షణం నుంచి రెండో డిస్కు పోతే మాత్రం సమాచారమంతా పోయినట్టే. కొత్త డిస్కు పెట్టి రిపేర్ నొక్కినప్పుడు మిగిలిన మూడు డిస్కులనూ ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివి నాలుగోదాన్ని నింపుతుంది; దీన్నే రీబిల్డ్ అంటారు. సెకనుకు 150 మెగాబైట్ల వేగం నిలకడగా దొరికినా నాలుగు టెరాబైట్లకు దాదాపు ఏడున్నర గంటలు పడుతుంది. వాడకంలో ఉన్న పెట్టెకు అంతకు రెట్టింపు పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. అప్పటికే ఏళ్ళ తరబడి తిరిగిన డిస్కుల చేత అన్ని గంటలు ఏకధాటిగా పని చేయించడమంటే, అది ఒక్కసారితో పూర్తి కావలసిన పని. అందుకే ఆన్‌లైన్‌లో నాలుగు రూపాయలు తక్కువకు దొరుకుతున్నా, మనిషి ముఖం చూసి కొనుక్కుందామని దుకాణానికి వెళ్ళాను.

ముఖం బాగానే చూశాను. డిస్కు సీఎంఆరా (ట్రాకులు విడివిడిగా ఉండేది), ఎస్‌ఎంఆరా అని నేను అడగబోయేలోపే ఆయనే ఆ విషయం ఎత్తుకున్నాడు. ఇంటి పెంకుల్లా ట్రాకులు ఒకదానిమీదికి ఒకటి ఎక్కే ఎస్‌ఎంఆర్ డిస్కు రీబిల్డ్‌కు పనికిరాదని, 2020లో డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) రెడ్ వరుసలో రెండు నుంచి ఆరు టెరాబైట్ల డిస్కుల్లో కొన్నింటిని అలా చేసి, ఆ సంగతి కొనేవారికి చెప్పకపోవడంతో ఎంత గొడవైందో, ఆ తర్వాతే సీఎంఆర్ డిస్కులకు రెడ్ ప్లస్ అన్న పేరు ఎలా వచ్చిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇంత తెలిసినవాడు మోసం చేస్తాడా అనుకున్నాను. ఇంత తెలిసినవాడే సరిగ్గా చేయగలడని ఇప్పుడు అర్థమైంది. వారంటీ స్టిక్కరు అంటించమంటే, పెట్టె లోపలి వేడికి ఊడి ఫ్యానులో పడుతుందని చెప్పాడు. ఆ జాగ్రత్తకు మనసులో దండం కూడా పెట్టుకున్నాను. బిల్లు మీద ‘హెచ్‌డీడీ 4 టీబీ, ఒకటి’ అని మాత్రమే రాశాడు. బల్లమీది క్యూఆర్ కోడ్‌కు డబ్బు పంపితే ఫోనులో దుకాణం పేరుకు బదులు ఎవరో వ్యక్తి పేరు కనిపించింది. అదీ చూశాను, చూసి ఊరుకున్నాను.

ఇంటికొచ్చి డిస్కు బిగించి స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూస్తే పవర్ ఆన్ గంటలు, అంటే నడిచిన సమయం, సున్నా. రిపేర్ నొక్కాను. రీబిల్డ్ సగం దాటాక కొత్త డిస్కు మీద రాత తప్పులు వరుసగా వచ్చి, పెట్టె దానంతట అదే ఆ డిస్కును పక్కకు నెట్టేసింది. రైడ్ మళ్ళీ డీగ్రేడెడ్. ఈ లోగా రెండో బేలోని పాత డిస్కులో, అంతకుముందు సున్నాగా ఉన్న పెండింగ్ సెక్టర్ల (సరిగ్గా చదవలేకపోతున్న భాగాల) లెక్క పెరగడం మొదలుపెట్టింది.

ట్రేలోంచి ఆ ‘కొత్త’ డిస్కును తీసి దీపం కింద పెట్టి చూసినప్పుడుగానీ విషయం బోధపడలేదు. నేను స్క్రూలు వాడనే లేదు, నా ట్రేలు క్లిప్పులవి. అయినా పక్కనున్న స్క్రూ రంధ్రాల చుట్టూ వెండి గీతలు ఉంగరాల్లా తిరిగి ఉన్నాయి. సాటా కనెక్టరు బంగారు రేకుల మీద, ఎన్నోసార్లు దూర్చి తీసినట్టు సన్నని గాట్లు ఉన్నాయి. అప్పుడు దాన్ని నేరుగా సాటా తీగతో కంప్యూటరుకు తగిలించి ఫార్మ్ లాగ్ (సీగేట్ డిస్కులు వాడకాన్ని నమోదు చేసుకునే మరో లెక్క) చదివాను. స్మార్ట్‌లో గంటల లెక్కను చెరిపేసినవాళ్ళు దీన్ని చెరపలేదు. అందులో 31 వేల గంటలు పైన ఉంది. అంటే రాత్రింబవళ్ళు ఆపకుండా మూడున్నర ఏళ్ళు తిరిగిన డిస్కు. సీరియల్ నంబరును తయారీ సంస్థ సైటులో వేస్తే, ఇది విడిగా అమ్మిన డిస్కు కాదు, యంత్రాల తయారీదారుకు ఇచ్చినది, వారంటీ కోసం వారినే అడగండి అని వచ్చింది.

ఇది ఆయన సొంతంగా కనిపెట్టిన విద్యేమీ కాదు. 2025 జనవరిలో జర్మనీలోని హైజే అనే సాంకేతిక వార్తా సంస్థ ఇదే బాగోతాన్ని బయటపెట్టింది. కొత్తవని అమ్ముడైన సీగేట్ ఎక్సోస్ డిస్కుల్లో స్మార్ట్ లెక్కలు చెరిపేసి ఉన్నాయని, ఫార్మ్ లాగ్ మాత్రం 15 వేల నుంచి 50 వేల గంటల వాడకాన్ని చూపించిందని తేలింది. డిస్కు స్థలంతో నడిచే చియా క్రిప్టో కరెన్సీ తవ్వకాలకు వాడిన డిస్కులే ఇలా బజారుకు చేరాయన్న అనుమానమూ అప్పుడే వచ్చింది. ఆ డిస్కులను తాము ఆ వ్యాపారులకు సరఫరా చేయలేదని తయారీ సంస్థ చెప్పింది. నేనూ తయారీ సంస్థను అనడం లేదు. నా తగువు పాత డిస్కుకు కొత్త సీలు వేసిన చేతితో.

డిస్కు, బిల్లు, ఫార్మ్ లాగ్ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. ఆయన కాగితం వైపు చూడనే లేదు. బిల్లును మాత్రం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, బల్ల మీద నా వైపు తోసి, ‘గీ బిల్లు మీద నంబరు ఏడుంది సార్? ఈ డిస్కు మా దగ్గర కొన్నదే అని ఎట్ల నమ్మాలె?’ అన్నాడు. స్టిక్కరు ఎందుకు అంటించలేదో, నంబరు ఎందుకు రాయలేదో అప్పటికప్పుడు తెలిసిపోయింది. నేను గొంతు పెంచాను. దుకాణంలో ఉన్న మరో ఇద్దరు కొనుగోలుదార్లు తల తిప్పి చూశారు. ఆయన మాత్రం గొంతు పెంచలేదు, పనిచేసే కుర్రవాణ్ణి పిలిచి, ‘సార్ బాగ పరేషాన్‌ల ఉన్నడు, చాయ్ తాగించి పంపు’ అన్నాడు. అంతటితో ఆగినా సరిపోయేది. నేను వెనుదిరుగుతుంటే, ‘పాతదని మీరే అంటున్నరు గదా, పాత రేటుకు తీస్కుంట, ఇచ్చిపోండ్రి’ అని వెనకనుంచి కేకేశాడు. కొత్త ధరకు అమ్మిన డిస్కును పాత ధరకు అడిగే ఆ ధైర్యం ముందు నా కోపం కూడా చిన్నబోయింది.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. రెండో బేలోని డిస్కు ఇక మరో రీబిల్డ్‌కు ఆగదని తేలిపోవడంతో, రిపేరు మాట వదిలేసి, చేతికందినదంతా బయటి డిస్కుకు కాపీ చేసుకుని, వాల్యూమ్‌ను మొదటి నుంచి కట్టుకోవలసి వచ్చింది. ఆ కాపీలో కొన్ని ఫైళ్ళు చదవడానికి రాలేదు. వాటిలో మా నాన్నగారి షష్టిపూర్తి వీడియోలు ఉన్నాయి. మంగళస్నానాల దాకా వస్తాయి, తర్వాత బొమ్మ ఆగిపోతుంది. బ్యాకప్ లేదా అని అడగబోయేవారికి ముందే చెబుతున్నాను: ఫొటోలకు ఉంది, పెద్ద ఫైళ్ళని వీడియోలకు పెట్టుకోలేదు. రైడ్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదని పదిమందికి చెప్పే నేను.

వాడిన సరుకును కొత్తదని చెప్పి అమ్మడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2(47) కింద అక్రమ వ్యాపార పద్ధతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. యూపీఐ చెల్లింపు వివరాలు, ఫార్మ్ లాగ్, స్క్రూ రంధ్రాల ఫొటోలు జతచేశాను. వాళ్ళు పట్టించుకోకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

మీరు కొనేటప్పుడు సీరియల్ నంబరును బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే బయటికి నడవండి. డబ్బిచ్చే ముందే, అక్కడే నిలబడి, ఆ నంబరును తయారీ సంస్థ సైటులో వేసి వారంటీ చూసుకోండి. రిపేర్ నొక్కే ముందు డిస్కును విడిగా కంప్యూటరుకు తగిలించి, సీగేట్‌దైతే ఫార్మ్ లాగ్ చదవండి, స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 7.4 వెర్షన్ నుంచి ఆ సౌకర్యం ఉంది. ఆ తర్వాత డిస్కు మొత్తం ఒకసారి రాసి చదివి పరీక్షించండి, రోజు పట్టినా సరే. ఆ లోగా డీగ్రేడెడ్ వాల్యూమ్ మీద ఏ పనీ పెట్టకుండా, ముఖ్యమైనవాటిని ముందు బయటికి కాపీ చేసుకోండి.

ఆ డిస్కు నా దగ్గరే ఉంది. పాత రేటుకు ఇచ్చి ఉంటే ఈపాటికి దానికి కొత్త సీలు పడి, మీలో ఎవరి మూడో బేలోకో చేరి ఉండేది.