ఎర్రగీత పక్కన మన ఊరు: వాతావరణ శాఖ తుపాను పటాలు, వీడియోలపై ఒక సమీక్ష

మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటింది. దానికి ముందు రోజు సాయంత్రం మా పెద్దమామయ్య తన ఫోన్ నా చేతికిచ్చి, "ఈ ఎర్రగీత మన ఊరి మీదుగా పోవడం లేదు కదరా, ఇక మనకు భయం లేనట్టేనా?" అని అడిగారు. ఆయన చూపించినది భారత వాతావరణ శాఖ విడుదల చేసిన తుపాను గమన పటం. కొన్నేళ్లుగా ఈ పటాలను, వీడియోలను శ్రద్ధగా గమనిస్తున్న నాకు, వీటి గురించి వివరంగా రాయాలని ఆ ప్రశ్న విన్నప్పుడే అనిపించింది.

తుపానును గుర్తులతో చూపడం మనకు కొత్త కాదు. రేవుల్లో పగలు శంకువులు, స్తూపాలు, రాత్రి దీపాలు ఎగరేసి ఒకటి నుంచి పదకొండు వరకు ప్రమాద సూచికలు ఇచ్చే పద్ధతి చాలా పాతది. పదో నంబరు ఎగరేశారంటే దాని అర్థమేమిటో మచిలీపట్నం, కాకినాడ తీరాల్లో చదువు రాని జాలరికి కూడా తెలుసు. అయితే ఆ సూచిక రేవుకు మాత్రమే చెబుతుంది, ఇంటికి చెప్పదు. వాతావరణ శాఖ 2009 నుంచి తుపాను గమనాన్ని, తీవ్రతను అంకెలతో మూడు రోజుల ముందు వరకు చెబుతూ, కేంద్రం ఎటువైపు జరగవచ్చో చూపే గరాటా ఆకారపు హద్దును పటంపై గీయడం మొదలుపెట్టింది. 2013లో ఆ గడువును ఐదు రోజులకు పెంచింది. "పశ్చిమ వాయవ్య దిశగా కదిలి తీరం దాటే అవకాశం ఉంది" అని రేడియోలో విని ఊహించుకోవలసిన స్థితి నుంచి, తన జిల్లాను తానే వేలితో చూపించుకోగలిగే స్థితికి మనిషి వచ్చాడు. ఇది చిన్న మార్పు కాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

పటాన్ని దగ్గరగా చూద్దాం. తుపాను ఇప్పటివరకు వచ్చిన దారి నల్లగీతగా, రాబోయే దారి ఎర్రగీతగా, గరాటా హద్దు ఆకుపచ్చగా కనిపిస్తాయి. తీవ్రతను ఆంగ్ల పొడి అక్షరాలతో సూచిస్తారు. సమయం అంతర్జాతీయ కాలమానంలో ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలని ఒక మూల రాసి ఉంటుంది. అంటే 28వ తేదీ 12 గంటలు అని కనిపిస్తే అది మనకు మధ్యాహ్నం కాదు, సాయంత్రం ఐదున్నర. పశువులను ఎప్పుడు తోలాలో, పడవను ఎప్పుడు ఒడ్డుకు లాగాలో నిర్ణయించుకోవలసిన మనిషికి ఐదున్నర గంటల తేడా ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు. ఈ పటాన్ని తెలుగులో, మన సమయంతో ఇవ్వడం సాంకేతికంగా పెద్ద కష్టం కాదు కాబట్టే ఈ లోటు నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

అసలు చిక్కు గీతలోనే ఉంది. గరాటా హద్దు గత సూచనల్లో వచ్చిన తేడాలను బట్టి గీసినది. అది తుపాను కేంద్రం ఎక్కడ ఉండవచ్చో చెబుతుందే తప్ప, తుపాను ఎంత వెడల్పుందో చెప్పదు. అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం తన పటం మీదే, ఈ హద్దు తుపాను పరిమాణాన్ని చూపదని, దానికి వెలుపల కూడా ప్రమాదం ఉండవచ్చని రాస్తుంది. అలాంటి వాక్యం మన పటంపై తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. హనుమకొండలో ఉండే మా చెల్లెలు తీరం దాటే చోటును మాత్రమే చూసి, తుపాను కోస్తా వాళ్లదేనని నిశ్చింతగా పడుకుంది. మరునాడు వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి. జిల్లాలవారీ వర్ష హెచ్చరికల రంగుల పటం విడిగా ఉంటుంది, ఆమె దాన్ని తెరవలేదు. గమనం, గాలి, వర్షం మూడూ ఒకే బొమ్మలో కనిపించి ఉంటే ఆమె కన్ను తన జిల్లా రంగు మీద పడి ఉండేదని నా అభిప్రాయం.

వీడియోల విషయానికొస్తే, ఇన్సాట్ ఉపగ్రహ చిత్రాలను వరుసగా కలిపి చూపే కదిలే బొమ్మలు అద్భుతంగా ఉంటాయి. కానీ వాటిలో పరారుణ (వేడిని బట్టి తీసే) చిత్రాల్లోని తెలుపు మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉందో చూపుతుందే గాని, కింద కురిసే వానను కాదు. వాన ఎక్కడ ఉందో తెలియాలంటే మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్ చిత్రాలే చూడాలి. శాఖ అధికారులు స్వయంగా వివరించే వీడియోలు నిదానంగా, భయపెట్టకుండా సాగుతాయి. అవి ఎక్కువగా హిందీలో, ఆంగ్లంలో ఉండటం వల్ల, మన ఇళ్లలో ఆ ఖాళీని వార్తా చానెళ్లు నింపుతున్నాయి. ఒక చానెల్ ఎప్పటివో అలల దృశ్యాలు వేసి మా అత్తయ్యను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నాలుగు నిమిషాల తెలుగు వీడియో శాఖ నుంచే రోజుకు రెండుసార్లు వస్తే ఆ భయం సగం తగ్గుతుంది.

మొత్తం సేవకు ఐదింటికి నాలుగు మార్కులు వేస్తాను. ఆ ఒక్క మార్కు తగ్గించింది ముఖ్యంగా ఉప్పెన విషయంలోనే. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టనపెట్టుకున్నది ప్రధానంగా ఉప్పెనే. నేడు ఉప్పెన అంచనాలకు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం) కంప్యూటర్ నమూనాలు తోడ్పడుతున్నాయి, అంకె ముందే తెలుస్తోంది. కానీ మొంథాకు చెప్పినట్టుగా "ఖగోళ పోటు కంటే సుమారు ఒక మీటరు ఎత్తు" అంటే, అంటే మామూలుగా వచ్చే పోటు మీద ఇంకో మీటరని, ఇంట్లో ఎవరికి అర్థమవుతుంది? గుమ్మం, మనిషి నడుము, నీటి మట్టం ఉన్న ఒక్క బొమ్మ చాలు.

ఆ సాయంత్రం నా దగ్గర అలాంటి బొమ్మ లేదు. ఉప్పుటేరు గట్టున ఉన్న మా పడవల పాక దగ్గరికి మామయ్యను తీసుకువెళ్లి, అమావాస్య పోటుకు గుంజ మీద పడే తడి గుర్తు నుంచి మీటరు ఎత్తు కొలిచి, బొగ్గుతో గీత గీశాను. ఆయన దాన్ని తన నడుముతో సరిచూసుకుని, వలలన్నీ అటక మీదికి ఎక్కించడానికి మనుషులను పిలిచారు.