బరువులెత్తే బూట్లు: నాలుగేళ్లు తొడిగిన తరువాత

నాలుగేళ్లుగా వారానికి మూడు రోజులు తొడుగుతున్న నా వెయిట్‌లిఫ్టింగ్ బూట్లలో ఎడమకాలి పట్టీ కుట్టు గత నెల ఊడిపోయింది. వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దాన్ని గట్టిగా కుట్టి ఇచ్చారు. మడమ కింది దిమ్మ మాత్రం ఇన్నేళ్లలో వెంట్రుకవాసి కూడా అణగలేదు.

అంతకుముందు పరుగు బూట్లతోనే స్క్వాట్ (బార్‌ను భుజాల మీద పెట్టుకొని గొంతుక్కూర్చుని లేవడం) చేసేవాణ్ణి. 80 కిలోల బార్ భుజాల మీదికి రాగానే మెత్తని అడుగు ఒక పక్కకు ఒరిగేది. కిందికి దిగేకొద్దీ మడమలు లేచి, నడుము ముందుకు వంగిపోయేది. లోపం తుంటిలో ఉందనుకొని ఏడాదిపాటు దాన్ని సాగదీసే వ్యాయామాలు చేశాను. అసలు బిగుతు చీలమండలో ఉన్నదని తెలిసింది ఒక చిన్న పరీక్షతో: బొటనవేలిని గోడకు సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించడం నా వల్ల కాలేదు.

బరువులెత్తే బూట్లలో మడమ ఎత్తు సాధారణంగా 20 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. తక్కువ ధరవాటిలో కొన్నింటికి 15 ఉంటుంది. ఆ ఎత్తు వల్ల చీలమండ అంతగా వంగకుండానే మోకాలు ముందుకు వెళ్తుంది, మొండెం నిటారుగా నిలుస్తుంది. అయితే నడుముకు తగ్గిన శ్రమ తొడల ముందు కండరాల మీదికి, మోకాళ్ల మీదికి చేరుతుంది. మొదటి మూడు వారాలు నా మోకాళ్లు సలిపాయి. బరువు తగ్గించుకోక తప్పలేదు.

ఎత్తు కన్నా గట్టిదనమే ముఖ్యమని నాకు ఆలస్యంగా అర్థమైంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (బార్‌ను ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, ఆపై జెర్క్‌తో తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన వీడియో చూపిస్తూ, మా శిక్షకుడు చేతులను కాక పాదాలను చూడమన్నారు. బార్ కిందికి దూరే క్షణంలో పాదం నేల వదిలి చదునుగా దిగాలి. అప్పుడు అడుగు స్పంజిలా నొక్కుకుపోతే పైనున్న బరువంతా ఊగుతుంది. అందుకే కొనేటప్పుడు మడమ దిమ్మను బొటనవేలితో బలంగా నొక్కి చూడండి. సొట్ట పడితే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

కొలత విషయంలో నేను పొరబడ్డాను. పరుగు బూట్ల కొలతే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే జెర్క్‌లో మడమ లోపల జారేది. వెనక్కి పంపడానికి రవాణా ఖర్చు కూడా నేనే పెట్టుకున్నాను. చివరికి అర సైజు చిన్నది సరిపోయింది. చెప్పులకు అలవాటుపడిన నా పాదం ముందు భాగం వెడల్పు కాబట్టి, పొడవు తగ్గినా వేళ్లు విచ్చుకునే చోటు ఉన్న జతనే ఎంచుకున్నాను. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, జిమ్‌కు వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడడం మేలు.

నేల మీది బార్‌ను నిలబడేదాకా పైకి లాగే డెడ్‌లిఫ్ట్‌కు వీటిని విప్పేస్తాను, ఎందుకంటే మడమ ఎత్తు పెరిగితే బార్‌ను లాగవలసిన దూరమూ పెరుగుతుంది, ఒళ్లు ముందుకు తూలుతుంది. ట్రెడ్‌మిల్ మీద వీటితో పరుగెత్తేవారిని చూశాను. ఆ సాహసం నాకు లేదు. వానాకాలంలో చెమట ఆరక వాసన పట్టకుండా పాత వార్తాపత్రిక ఉండలు చుట్టి లోపల కుక్కుతాను.

తరువాతి జతలో పట్టీలు రెండు ఉన్నవి చూస్తాను. మడమ ఎత్తు మాత్రం మార్చను.