గుర్తుల్లేని పాత తుపాకీ కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

హైదరాబాద్ పాతబస్తీలో పాత సామాన్లు అమ్మే ఒక దుకాణంలో నాకు ఎదురైన వ్యవహారం ఇది. దుకాణం పేరు రాయను. కానీ ఆ తుపాకీ ఇంకా అమ్మకానికే ఉంది, అందుకే చెబుతున్నాను.

వస్తువు చెకుముకి తుపాకీ. ట్రిగ్గర్ నొక్కగానే ముందుకు కొట్టుకునే భాగాన్ని గుర్రం అంటారు, దానికి బిగించిన రాయి ఉక్కు రేకుకు తగిలి నిప్పురవ్వలు రాలితే పేలే రకం. ధర 1,80,000. ఎక్కడా ముద్ర లేదు, పేరు లేదు, సంవత్సరం లేదు. "ముద్ర లేదంటేనే అసలుది సార్. ఈస్టిండియా కంపెనీ సరుకైతే ముద్ర ఉండేది. ఇది మూసారాముడి పటాలం తుపాకీ" అన్నాడు దుకాణదారు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్‌నే మనవాళ్ళు అలా పిలిచేవారు. ఆయన 1798లో పోయాడు, అదే ఏడు ఇంగ్లీషువాళ్ళు ఆ పటాలం చేత ఆయుధాలు కింద పెట్టించారు. గన్‌ఫౌండ్రీ, మూసారాంబాగ్ మీదుగా రోజూ తిరిగే మనకు ఈ కథ ఇట్టే ఎక్కుతుంది, అదీ వాడి తెలివి. 20,000 అడ్వాన్స్ ఇచ్చి, లాక్ (గుర్రం, స్ప్రింగు ఉండే పేల్చే యంత్రం) విప్పి చూసి నచ్చితేనే మిగతాది ఇస్తానని, నచ్చకపోతే అడ్వాన్స్ వాపసని రసీదు మీద రాయించుకున్నాను.

విప్పకముందే తేడా కొట్టింది. ఇత్తడి బిగింపులు, గొట్టాన్ని కొయ్యకు పిన్నులతో పట్టించిన తీరు అంతా ఇంగ్లీషు సైన్యం వాడిన బ్రౌన్ బెస్ తుపాకీది. ఆ కాలపు ఫ్రెంచి సైన్యం తుపాకులకైతే గొట్టం చుట్టూ లోహపు పట్టీలుంటాయి. పోనీ, రేమండ్ దగ్గర ఇంగ్లీషు తుపాకులూ ఉండి ఉండొచ్చు. కానీ గుర్రం మెడ దగ్గర రింగు ఉంది. బ్రిటిష్ సైన్యం హంసమెడలా వంగిన సన్నటి గుర్రం మానేసి ఈ రింగు రకానికి మారింది 1809లో. అదే అడిగితే "మధ్యలో ఎవరో మార్చుంటారు సార్" అన్నాడు. సరే, విప్పమన్నాను.

లాక్ పలక లోపలివైపు గ్రైండర్ గీతలు, అన్నీ ఒకే దిశలో. స్క్రూల మరలు చేతికి గుచ్చుకునేంత పదునుగా ఉన్నాయి. బయట ఎర్రటి తుప్పు వేలికి పొడిలా అంటుతోంది, లోపల తుప్పు జాడే లేదు. లాక్ కూర్చునే గుంటలో కొయ్య నిన్న చెక్కినట్టు పచ్చిగా ఉంది.

అసలు సంగతి తరవాత బయటపడింది. లాక్‌కు బయట ఉండే చిన్న పళ్ళెంలో తుపాకీ మందు అంటుకుంటే ఆ నిప్పు గొట్టంలోకి వెళ్ళడానికి పక్కన సన్నని రంధ్రం ఉండాలి. అక్కడ ఇనుప తీగ పెట్టాను, దూరలేదు. రంధ్రమే లేదు! పైకి కనబడేలా చిన్న గుంట కొట్టి నల్లరంగు పూశారు. నిజంగా పేల్చిన తుపాకీలో ఆ రంధ్రం అరిగి వెడల్పవుతుంది, చుట్టూ ఇనుము గుంటలు పడుతుంది, పళ్ళెం వెనక కొయ్య మాడి ఉంటుంది. విదేశాల్లో పాత యుద్ధాలను వేషాలు కట్టి ఆడేవాళ్ళ కోసం మన దేశంలోనే ఇలాంటి నకళ్ళు తయారై ఎగుమతి అవుతాయి. ఆయుధంగా లెక్కకు రాకుండా రంధ్రం వేయకుండానే పంపుతారు. కొత్తదని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు.

ముద్ర లేని అసలు తుపాకులు లేవని కాదు. స్థానిక కమ్మరులు చేసినవి ఉన్నాయి, తోమితోమి ముద్ర అరిగిపోయినవీ ఉన్నాయి. కానీ ముద్ర లేకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. కంపెనీవాటికి నాలుగు గళ్ళ హృదయం గుర్తు, 1808 నుంచి సింహం ఉంటాయి. టిప్పు కార్ఖానా పనికి సాధారణంగా పులిచారలు, పర్షియన్ అక్షరాలు కనిపిస్తాయి. అలాగని ముద్ర చూసి మురిసిపోనూ కూడదు, ఖైబర్ కనుమ వైపు దొంగ ముద్రలు కొట్టడం పాత విద్యే.

అడ్వాన్స్ అడిగితే "వేరే వస్తువు తీసుకోండి" అన్నాడు. రసీదు చూపిస్తే గొంతు పెంచాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను, డబ్బు ఇంకా రాలేదు.

అక్కడే ఇంకో విచిత్రం. అమెరికా నుంచి వచ్చిన ఒక తెలుగు కుటుంబానికి ఇదే తుపాకీ చూపించి "పురావస్తువు కాదని సర్టిఫికెట్ తెప్పిస్తాను, హాయిగా తీసుకెళ్ళొచ్చు" అంటున్నాడు. నాకేమో రెండొందల ఏళ్ళది! 1972 చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన పురావస్తువును మనబోటివాళ్ళు దేశం దాటించకూడదు, అలాంటివి అమ్మే వ్యాపారికి లైసెన్స్ ఉండాలి. ముందు అది చూపించమనండి. "యాంటిక్ కదా, తుపాకీ లైసెన్స్ అక్కర్లేదు" అన్న మాటా నమ్మొద్దు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు మరమ్మతు చేసినా పేలని వాటికే. నిజంగా పేలే పాత తుపాకీ ఇంట్లో దొరికితే ఆ టెన్షన్ మీదే, దుకాణదారుది కాదు.

పోయిన వారం ఒక మిత్రుడికి వాట్సాప్‌లో ఫోటోలు వచ్చాయి. అదే తుపాకీ, తుపాకీ మడమ (భుజానికి ఆనించే చివర) దగ్గర పగులు మీద కొట్టిన అదే ఇత్తడి రేకు. ఈసారి 1757 బొబ్బిలి యుద్ధం నాటిదట, ధర 2,40,000.