సిమ్యులేషన్ టేబుల్‌కి ఏ ఫైల్ మేలు: సీఎస్‌వీనా, ఎక్సెలా, హెచ్‌డీఎఫ్5నా?

రన్ పూర్తయ్యాక టేబుల్‌ని ఎక్స్‌పోర్ట్ చేయబోతే ఫార్మాట్ల జాబితా వస్తుంది. చాలామంది ఎక్సెల్ మీదే నొక్కుతారు. వెంటనే తెరిచి చూసుకోవచ్చు, గ్రాఫ్ గీసుకోవచ్చు, పక్కవాళ్లకి పంపితే వాళ్లూ చూస్తారు. చూపించడానికి ఎక్సెల్ మంచిదే. గంటల తరబడి లెక్కకట్టిన అంకెల్ని దాచుకోవడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఎక్సెల్ షీట్‌లో పట్టేవి 10,48,576 వరుసలే. మైక్రోసెకన్ స్టెప్‌తో రెండు సెకన్లు నడిపి ప్రతి స్టెప్‌నీ రాయిస్తే 20 లక్షల వరుసలు వస్తాయి, అంటే సగం బయటే. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్ అయితే 65,536 దగ్గరే ఆగిపోతుంది. 2020లో ఇంగ్లండ్‌లో ఈ పాత ఫార్మాట్ వల్లే దాదాపు 16 వేల కోవిడ్ పాజిటివ్ కేసులు సకాలంలో లెక్కకెక్కలేదు. ఇంకో చిక్కు: సీఎస్‌వీని (విలువల్ని కామాలతో విడదీసి రాసే ఫైల్) ఎక్సెల్‌లో తెరిచి మళ్లీ సీఎస్‌వీగానే సేవ్ చేస్తే, సెల్‌లో ఎలా కనిపిస్తోందో అలాగే రాసేస్తుంది. కనిపించని దశాంశాలు పోయినట్టే.

సీఎస్‌వీ ఉత్త టెక్స్ట్. నోట్‌ప్యాడ్ నుంచి పైథాన్, మాట్‌ల్యాబ్ దాకా అన్నీ చదువుతాయి. వరుస వరుసకీ డిస్క్‌లోకి రాయిస్తుంటే, రన్ మధ్యలో ఆగినా అప్పటివరకు రాసినవి దక్కుతాయి. నాకు సీఎస్‌వీ మీద గురి కుదిరింది ముఖ్యంగా ఇందుకే.

అయితే ఎక్స్‌పోర్ట్ విండోలో ఒక్క సెట్టింగ్ చూడకుండా ఓకే కొట్టొద్దు: ఫుల్ ప్రెసిషన్. టేబుల్‌లో కనిపించే అంకెలు సాధారణంగా కుదించినవి. పీడనం ఒక చోట 101325.37, ఇంకో చోట 101325.41 పాస్కల్ అనుకోండి. ఐదంకెలకి కుదిస్తే రెండూ 1.0133ఈ5 (అంటే 1,01,330) అయిపోతాయి. తర్వాత ఆ ఫైల్ నుంచి పీడనంలో తేడా తీస్తే సున్నా వస్తుంది. మోడల్‌లో తప్పుందేమో అని టెన్షన్ పడి మెష్ (మోడల్‌ని చిన్న ముక్కలుగా విడదీసే వల) మార్చి చూస్తాం, తీరా తప్పు ఫైల్‌లో ఉంటుంది. డబుల్ ప్రెసిషన్ (కంప్యూటర్ 8 బైట్లలో దాచే దశాంశ) సంఖ్య ఏదైనా చెక్కుచెదరకుండా తిరిగి రావాలంటే 17 అంకెలు రాయించాలి. అప్పుడు మెమరీలో 8 బైట్లు ఉండే సంఖ్యకి ఫైల్‌లో 20కి పైగా బైట్లు పడతాయి. ఫైల్ పెరిగినా ఫరవాలేదు, అంకెలు పోకూడదు.

జర్మన్, ఫ్రెంచ్ సెట్టింగులున్న కంప్యూటర్‌లో దశాంశ బిందువు బదులు కామా పడుతుంది, కాలమ్‌ల మధ్య సెమికోలన్ వస్తుంది. అలాంటి చోటి నుంచి ఫైల్ వస్తే మొదటి రెండు వరుసలు కళ్లతో చూశాకే ప్రోగ్రామ్‌కి ఇవ్వండి. యూనిట్లకి సీఎస్‌వీలో వేరే చోటు లేదు కాబట్టి కాలమ్ పేరులోనే రాసేయాలి.

వందల సెన్సర్ పాయింట్లు, లక్షల టైమ్ స్టెప్పులు ఉంటే సీఎస్‌వీ మోయలేదు. అక్కడ హెచ్‌డీఎఫ్5దే పైచేయి. అంకెలు బైనరీలో ఉంటాయి, కంప్రెస్ చేసుకోవచ్చు, మొత్తం ఫైల్‌ని మెమరీలోకి లాగకుండా కావలసిన ముక్క మాత్రమే చదవచ్చు. యూనిట్లు, సాల్వర్ (లెక్కకట్టే ప్రోగ్రామ్) సెట్టింగులు, మెష్ వివరాలు డేటాకే అంటిపెట్టుకుని ఉండేలా రాయించుకోవచ్చు. మాట్‌ల్యాబ్ 7.3 వెర్షన్ మాట్ ఫైళ్లు లోపల ఇవే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడలేం, అదొక లోటు. రాస్తుండగా ప్రోగ్రామ్ కూలిపోతే ఫైల్ మొత్తం తెరుచుకోకపోయే ప్రమాదమూ ఉంది. అందుకే పొడవాటి రన్‌లని ఒకే ఫైల్‌లో కాకుండా భాగాలుగా రాయిస్తే మంచిది.

పార్కే అనే ఫైల్ ఫార్మాట్ కూడా ఉంది, డేటాని కాలమ్‌ల వారీగా దాస్తుంది. వందల రన్‌ల ఫలితాలు ఒకచోట చేర్చి కొన్ని కాలమ్‌లే చదివే పనికి బాగుంటుంది. ఒక్క రన్‌కి దాని అవసరం రాదు.

నన్నడిగితే, లక్ష వరుసల లోపు టేబుల్‌కి ఫుల్ ప్రెసిషన్ సీఎస్‌వీ, అంతకు బాగా మించితే హెచ్‌డీఎఫ్5, రిపోర్ట్‌లో పెట్టడానికి వాటి నుంచి తీసిన ఎక్సెల్ కాపీ. ఏది ఎంచుకున్నా సాఫ్ట్‌వేర్ మూసేముందు ఫైల్‌ని ఒకసారి తిరిగి చదివించి వరుసల సంఖ్య, చివరి వరుసలో టైమ్, ఒక కాలమ్‌లో గరిష్ఠ విలువ టేబుల్‌తో సరిపోయాయో లేదో చూసుకోండి.