క్రాంజీకి రెండుసార్లు: వ్యాన్‌లో ఒకసారి, రైల్లో ఒకసారి

సింగపూర్‌లో ఐదు రోజులున్నాం. గార్డెన్స్, జూ, రాత్రిపూట లైట్లు అన్నీ బానే ఉన్నాయి, వాటి గురించి అందరూ రాసేశారు. నేను రాసేది రెండో ప్రపంచయుద్ధంలో పోయిన సైనికుల సమాధులు, పేర్లు ఉన్న క్రాంజీ వార్ మెమోరియల్ గురించీ, అది చూపిస్తానని మా దగ్గర 160 డాలర్లు గుంజిన వ్యాన్ ఆయన గురించీ.

మా అమ్మమ్మ వాళ్ళ అన్నయ్య మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) చేరి 1942 జనవరిలో మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో చనిపోయాడు, అప్పటికి ఇరవై కూడా నిండలేదు. శవం రాలేదు, టెలిగ్రామ్ వచ్చింది, అంతే. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ "సింగపూర్ లడాయిలో పోయాడు" అనేది. మా అమ్మకి ఆయన మేనమామే గానీ ఆయన పోయిన ఎనిమిదేళ్ళకి పుట్టింది తను. ఇప్పుడు 74, మోకాళ్ళ నొప్పులు, అయినా పాస్‌పోర్ట్ చేయించుకుని మరీ వచ్చిందంటే ఈ ఒక్క పనికే. మా వాడు మాత్రం యూనివర్సల్ స్టూడియోస్ కోసం వచ్చాడు, ఆ సంగతి ఇద్దరూ దాచుకోలేదు.

రూమ్ లిటిల్ ఇండియాలో తీసుకున్నాం, రోజుకి 138 డాలర్లు. కిటికీ ఉన్న రూమ్ అని రాశారు, కిటికీ ఉంది, తెరిస్తే వరండా కనపడుతుంది! అడిగితే "విండో ఈజ్ విండో" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. సరే పోనీ.

ఆ లాడ్జి వాళ్ళే వ్యాన్ మాట్లాడి పెట్టారు, హాఫ్ డే, గైడ్‌తో కలిపి 160. తీరా చూస్తే గైడూ డ్రైవరూ ఒకడే. ముందు చాక్లెట్ల షాపుకి తీసుకెళ్ళి నలభై నిమిషాలు కూర్చోబెట్టాడు, క్రాంజీలో మాత్రం ఇరవై ఐదు నిమిషాలే అన్నాడు. "అక్కడేముంది, అన్నీ పేర్లే" అన్నాడు, అమ్మ ముందే. పక్కనే ఉన్న స్టేట్ సిమెటరీలో ఇద్దరు సింగపూర్ ప్రెసిడెంట్ల సమాధులు చూపించి, అదే గొప్ప విషయమన్నట్టు ఫోటోలు తీసుకోమన్నాడు. మేము కొండ ఎక్కి, సమాధి లేనివాళ్ళ పేర్లు చెక్కిన గోడల దగ్గరికి చేరేసరికి టైమైపోయింది. 24 వేల పైచిలుకు పేర్లు, ఎక్కడని వెతుకుతాం? హైదరాబాద్ రెజిమెంట్ అని కనపడగానే మావాళ్ళే అనుకుని ఆశగా అక్కడే నిలబడిపోయాం. తర్వాత తెలిసింది, ఆ రెజిమెంట్‌లో ఎక్కువమంది ఉత్తరాది వాళ్ళు, కుమావోనీలు, జాట్లు, అహీర్లట, 1945లో దాని పేరే కుమావ్ రెజిమెంట్ అయిపోయింది. ఈలోపు కింద హారన్ కొడుతున్నాడు. స్మశానంలో హారన్!

రూమ్‌కొచ్చాక అమ్మ అన్నం తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆయన డబ్బుల గురించి గొణుగుతున్నాడు. అప్పుడు మా వాడే, ఇలాంటి యుద్ధ సమాధుల్ని చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్ తెరిచి పేరు కొట్టాడు. మూడో స్పెల్లింగ్‌కి దొరికింది, రెజిమెంట్, తేదీ, తండ్రి పేరు, ఊరు, వైజాగపటం డిస్ట్రిక్ట్ అని పాత స్పెల్లింగ్‌తో సహా. గోడ మీద ఏ కాలమ్‌లో ఉందో ఆ నంబర్ కూడా ఉంది. పైసా ఖర్చు లేదు. మీలో ఎవరైనా వెళ్ళేట్టయితే ఇది ఇంట్లోనే చూసుకుని కాగితం మీద రాసుకుని బయల్దేరండి, అక్కడికెళ్ళి వెతుకుదాం అనుకోవద్దు.

మర్నాడు యూనివర్సల్ మానేశాం. మా వాడే మానేద్దామన్నాడు, మొహం మాత్రం మాడ్చుకునే ఉన్నాడు. బంతిపూల దండ 6 డాలర్లు. లిటిల్ ఇండియాలో రైలెక్కి ధోబీ ఘాట్‌లో ఎర్ర లైన్‌కి మారితే నేరుగా క్రాంజీ, మనిషికి రెండు డాలర్ల చిల్లర. స్టేషన్ నుంచి పావుగంట నడక, ఎండ మాత్రం మాడ్చేస్తుంది, గొడుగు ఉండాల్సిందే. లోపలికి టికెట్ లేదు.

ముందు పచ్చికలో తెల్లరాళ్ళు, 4,400 పైన సమాధులు, అందులో 850 మందికి పైగా పేరు కూడా తెలీదు. మనవాళ్ళలో చాలామందిని దహనం చేశారు కాబట్టి వాళ్ళకి విడిగా క్రిమేషన్ మెమోరియల్ ఉంది. మా తాతకి అదీ లేదు, గోడ మీద పేరే. జపాన్ వాళ్ళు 1941 డిసెంబర్ 8న మలయా ఉత్తరాన కోట బారూలో దిగాక మనవాళ్ళు దక్షిణానికి తగ్గుతూ వచ్చారు, వెనక వంతెనలు పేల్చే పని సాపర్లది. ఆయన ఎక్కడ పోయాడో రికార్డులో రాయలేదు, తేదీ ఒక్కటే ఉంది.

కాలమ్ దొరికింది గానీ పేరు చాలా ఎత్తులో ఉంది, అమ్మకి కనపడలేదు. చెట్లకి నీళ్ళు పెడుతున్న ఒక తమిళాయన చూసి, ఏమీ అడక్కుండానే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చేశాడు. మా వాడు ఫోన్‌లో జూమ్ చేసి ఫోటో తీసి వాళ్ళ అమ్మమ్మకి చూపించాడు. అమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని ఒక్కో అక్షరం చదివి, "ఒక 'ఏ' ఎక్కువ పెట్టారు" అంది. తర్వాతే ఏడ్చింది. గంటన్నర కూర్చున్నాం, ఎవరూ హారన్ కొట్టలేదు. తమిళాయనకి పది డాలర్లు ఇవ్వబోతే తీసుకోలేదు.

తిరిగొస్తుంటే మా వాడు ఒక సంగతి చెప్పాడు. సింగపూర్ జపాన్‌కి లొంగిపోయింది 1942 ఫిబ్రవరి 15న, రెండ్రోజులకి మన సిపాయిల్ని వేలల్లో ఫారర్ పార్క్‌లో నిలబెట్టారు, వాళ్ళలోంచే చాలామంది ఆజాద్ హింద్ ఫౌజ్‌లోకి వెళ్ళారు. ఆ ఫారర్ పార్క్ మా లాడ్జికి నడిచెళ్ళే దూరమే. "ఇంకొక్క నెల బతికుంటే ఇక్కడ నించునేవాడన్నమాట" అంది అమ్మ. సాయంత్రం నడిపించి తీసుకెళ్ళాం, పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు.

పేరు తప్పుంటే కాగితం ఆధారం పంపిస్తే ఆ కమిషన్ వాళ్ళు సరిచేస్తారట. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అమ్మ అమ్మమ్మ ట్రంకుపెట్టెలో పెన్షన్ కాగితం కోసం వెతుకుతోంది. ఇప్పటికి రెండు రేషన్ కార్డులు, ఒక జాతకం దొరికాయి.