జాగ్రత్త: సేవ్ నిలవని పోకెమాన్ ఎమరాల్డ్ క్యాసెట్లు అంటగడుతున్నారు

పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్ (నింటెండో వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్) దుమ్ము దులిపి మళ్లీ పోకెమాన్ ఎమరాల్డ్ ఆడదామని సెకండ్ హ్యాండ్ క్యాసెట్ వెతుకుతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఆన్‌లైన్‌లో ‘ఒరిజినల్, టెస్టెడ్’ అని పెట్టేవాటిలో నకిలీలు బోలెడు. చిక్కేమిటంటే చాలా నకిలీలు మొదటి రోజే దొరికిపోవు. గేమ్‌లో జిమ్‌ల పోటీలు గెలుస్తారు, ఆడినంతవరకు సేవ్ కూడా అవుతుంది. చివర్లో వచ్చే ఎలైట్ ఫోర్ అనే ప్రత్యర్థులని ఓడించాక, గెలిచినవాళ్ల పేర్లు నమోదయ్యే హాల్ ఆఫ్ ఫేమ్‌లో గేమ్ తనంతట తాను సేవ్ చేసుకునేటప్పుడు సేవ్ ఫైల్ పాడవుతుంది. అప్పటికి రిటర్న్ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

అడిగితే అమ్మినవాళ్లు చెప్పే జవాబు ఒకటే: ‘లోపల బ్యాటరీ అయిపోయింది, మార్పించుకోండి.’ నమ్మకండి. అంతకుముందు వచ్చిన పోకెమాన్ గోల్డ్, సిల్వర్ క్యాసెట్లలో సేవ్‌ని కాపాడేది నిజంగానే సీఆర్2025 బ్యాటరీ. అది పోతే సేవ్ పోతుంది. ఎమరాల్డ్‌లో అలా కాదు. సేవ్ బ్యాటరీ అక్కర్లేని ఫ్లాష్ మెమరీ చిప్‌లో ఉంటుంది, సీఆర్1616 బ్యాటరీ గడియారానికి మాత్రమే. అది అయిపోతే గేమ్‌లో నాటిన బెర్రీలు పెరగవు, షోల్ కేవ్ అనే గుహలో ఆటుపోట్లు ఆగిపోతాయి, అంతే. ఆన్ చేయగానే బ్యాటరీ అయిపోయిందని మెసేజ్ వస్తే కంగారు వద్దు, అలాగని అది ఒరిజినలే అనీ అనుకోవద్దు. గడియారం చిప్పే లేని నకిలీల్లోనూ అదే మెసేజ్ వస్తుంది.

కొనేముందు రెండు ఫొటోలు అడగండి. ఒకటి పిన్నుల వైపు నుంచి, దగ్గరగా: ఒరిజినల్‌లో పిన్నులకు కాస్త పైన, బోర్డు మీద నింటెండో అని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. రెండోది లేబుల్‌ది, వెలుతురుకు ఏటవాలుగా పట్టి తీసింది: కుడివైపు రెండంకెల నంబరు అచ్చు గుద్దినట్టు లోపలికి నొక్కి ఉండాలి, సిరాతో వేసినట్టు కాదు. అమెరికా కాపీ అయితే లేబుల్ మీద ఏజీబీ-బీపీఈఈ-యూఎస్ఏ అనే కోడ్ ఉంటుంది. పచ్చటి డొప్ప ఒక్కటే చూసి మోసపోకండి, దాన్ని వాళ్లూ బాగానే పోస్తున్నారు. ఫొటోలు పంపడానికి నసిగితే ఆ బేరం వదిలేయండి.

చేతికొచ్చాక మూడు మొనల స్క్రూడ్రైవర్‌తో విప్పితే అనుమానం తీరిపోతుంది. చిప్ ఉండాల్సిన చోట నల్లటి జిగురు ముద్ద ఉంటే నకిలీయే. విప్పడం ఇష్టం లేకపోతే తర్వాతి నింటెండో మెషీన్ అయిన డీఎస్ లైట్‌లో పోకెమాన్ డైమండ్ గానీ ప్లాటినం గానీ పెట్టి, కింది స్లాట్‌లో ఎమరాల్డ్ పెట్టండి. మెయిన్ మెనూలో ఎమరాల్డ్ నుంచి మైగ్రేట్ (పోకెమాన్‌లను తెచ్చుకోవడం) అనే వరుస రావాలి. చాలా నకిలీలు ఇక్కడే దొరికిపోతాయి. డీఎస్‌ఐ, 3డీఎస్‌లలో ఆ స్లాటే లేదు, వాటితో కుదరదు.

గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లోనే వచ్చిన పోకెమాన్ ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ కొనేవాళ్లకు ఇంకో గుర్తు: ‘1ఎం సబ్-సర్క్యూట్ బోర్డ్’ లేదని స్క్రీన్ మీద వస్తే అది దాదాపుగా నకిలీయే అనుకోవచ్చు. పార్సిల్ విప్పడం మొదలుకొని ఈ చెక్‌లన్నీ ఆపకుండా వీడియో తీసి, గడువు లోపలే రిటర్న్ పెట్టండి.