కార్బురేటర్ స్ప్రే డబ్బా: చలికి మందా, మురికికి మందా?

డిసెంబర్ రాగానే నల్గొండ, మహబూబ్‌నగర్ స్పేర్‌పార్ట్స్ షాపుల్లో కార్బ్ క్లీనర్ స్ప్రే (పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్‌ను కడిగే మందు) అడిగేవాళ్లు పెరుగుతారు. పొద్దుగాల బండి స్టార్ట్ కాకపోతే ఇది కొడితే చాలని నమ్మకం. డబ్బా మంచిదే, కానీ అది చలికి మందు కాదు.

చలికి పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాక ఇంజన్‌లోకి పోయే దారి (ఇంటేక్) గోడలకు చెమటలా పడుతుంది. ప్లగ్ దాకా చేరేది పలచటి మిశ్రమం. ఆ లోటు పూడ్చేది చోక్. ఈ20 పెట్రోల్‌లో ఐదో వంతు ఇథనాల్. ఆవిరి కావడానికి అది ఎక్కువ వేడి లాగుతుంది కాబట్టి అచ్చంపేట వైపు మంచు పొద్దుల్లో పాత బండి ఇంకాస్త మొండికేస్తుంది. ముందు చోక్ పూర్తిగా వేసి, రేస్ ముట్టుకోకుండా, తాళం తిప్పకముందే రెండు కిక్కులు కొట్టాలి. తర్వాత తాళం తిప్పి కొట్టండి. చోక్‌తో పాటు రేస్ కూడా తిప్పితే చోక్ లాగాల్సిన పెట్రోల్ లాగదు.

చోక్ ఉన్నంతసేపు నడిచి, ఇంజన్ వేడెక్కాక కూడా చోక్ దించగానే ఆగిపోతుందా? అప్పుడు అనుమానం స్లో జెట్ మీద, అంటే రేస్ ఇవ్వనప్పుడు ఇంజన్‌కు పెట్రోల్ అందించే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క మీద. స్ప్రేకి అసలు పని అక్కడే. నిలవ పెట్రోల్ ఎండి పట్టిన జిగురును బాగా కరిగిస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బురేటర్ మూతిలోంచి బుస్సుమని కొట్టి ఊరుకుంటే దండగ. పెట్రోల్ ట్యాప్ కట్టేసి, ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) కింది డ్రెయిన్ స్క్రూ వదిలి, వచ్చింది గాజు గ్లాసులో పట్టండి. అడుగున బుడగలా వేరుగా కదిలితే అది నీళ్లు. బౌల్ విప్పి, గాడికి సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్‌తో జెట్ తీసి వెలుతురుకు పట్టండి. ఆ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. స్ప్రే అవతలి వైపు ఒకే సన్నటి ధారగా రావాలి, చీలితే ఇంకా మురికి ఉన్నట్టే. పిన్నీసుతో పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇక పెట్రోల్ తాగుడే. ఓ-రింగులు (రబ్బరు వాషర్లు), పల్సర్‌లాంటి బండ్ల కార్బురేటర్‌లో ఉండే డయాఫ్రమ్ (పలచటి రబ్బరు పొర) ముందే తీసి పక్కన పెట్టాలి, ఈ మందుకు రబ్బరు ఉబ్బుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, దగ్గర్లో నిప్పు ఉండొద్దు. ఎయిర్ స్క్రూ (గాలి పాళ్లు సరిచేసే స్క్రూ) విప్పే ముందు మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లో లెక్కపెట్టుకుంటే తిరిగి అదే లెక్కకు పెట్టొచ్చు.

బుల్లెట్ మీద లడఖ్ పోయేవాళ్లు ఈ స్ప్రే డబ్బాను సంచిలో వేసుకుంటారు. అక్కడ మైనస్ డిగ్రీల్లో బౌల్‌లోని నీటిచుక్క జెట్‌లో గడ్డకడుతుంది. బౌల్ ఖాళీ చేయడమే దానికి విరుగుడు. చిక్కబడ్డ ఆయిల్‌కు, డల్లయిన బ్యాటరీకి డబ్బా ఏమీ చేయలేదు.

ఈ స్ప్రేకి నా మార్కులు ఐదుకు మూడున్నర. కొనేటప్పుడు సన్నటి గొట్టం ఉందో లేదో చూడండి, రబ్బరు బ్యాండుతో డబ్బాకే కట్టేయండి. అది పోతే మందు జెట్‌లోకి పోదు, చేతుల మీదికే పోతుంది.